పాత ఫొటోలు ఇచ్చినవాళ్లందరికీ: ఆలస్యం ఎందుకైందో, ఏం మార్చుకున్నామో

మీ ఇళ్లలో పాలమూరు పాత ఫొటోలు ఉంటే తెచ్చివ్వండి, కాపీ తీసి ఇస్తాం, మీరు ఒప్పుకుంటే ఒకటి షాపు గోడ మీద కూడా పెడతాం అని ఉగాదికి బోర్డు పెట్టాను. మహా అయితే యాభై వస్తాయనుకున్నాను. మీరేమో చీర మడతల్లోంచి, ట్రంకు పెట్టెల అడుగునుంచి, దేవుడి గూట్లోంచి తీసి సంచుల కొద్దీ తెచ్చారు. దసరాకు ఇచ్చేస్తానని మాటిచ్చి ఇవ్వలేకపోయాను. ఫోన్ చేసిన వాళ్లకు రేపు, ఎల్లుండి అని చెప్తూ వచ్చాను, అలా చెప్పడం తప్పు. జరిగింది ఇది.

వానాకాలం మొదట్లో జడ్చర్ల వైపు నుంచి ఒక అవ్వ మనవడితో కలిసి ఫ్రేము కట్టిన ఫొటో తెచ్చింది. పిల్లలమర్రి ఊడల ముందు నలుగురు నిలబడ్డారు, మధ్యలో ఆమె తల్లి. చెమ్మకు ఫొటో అద్దానికి అతుక్కుపోయింది. కలర్ చేసి ఇవ్వమన్నాడు పిల్లవాడు. అప్పట్లో మేం ఏఐతో రంగులు వేసి ఇస్తున్నాం, రెండు నిమిషాల్లో అయిపోయే పని, అందరూ బాగుందనేవాళ్లు. ప్రింటు అవ్వ చేతిలో పెట్టాను. కళ్ల దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసి, "ఈమె మా అమ్మ కాదు బిడ్డా, మా అమ్మకు గదువ మీద పచ్చబొట్టు ఉండె" అంది. ఫ్రేము మళ్లీ తీసుకుని భూతద్దం పెట్టి చూస్తే గదువ మీద మూడు చుక్కలు ఉన్నాయి. కంప్యూటర్ వాటిని మరకలనుకుని తుడిచేసింది. ముక్కుపుల్ల ఉన్నచోట ఇంకేదో మెరుస్తోంది, చీర అంచు కూడా వేరేది.

ఆ రాత్రి షట్టర్ దించి అప్పటిదాకా చేసినవన్నీ అసలు ఫొటోల స్కాన్‌ల పక్కన పెట్టి చూశాను, భయమేసింది. ఒక బజారు ఫొటోలో దుకాణం మీద ఉర్దూ బోర్డు ఉంది, అది ఎవరి దుకాణమో తెలుసుకోవడానికి ఉన్న ఆధారం ఆ బోర్డే. కలర్ కాపీలో అది ఏ భాషా కాని గీతలయింది. మర్రి ఊడలు సిమెంటు స్తంభాల్లా తయారయ్యాయి. ఇంకో పాతికేళ్లకు అసలు ఫొటో పోయి మేమిచ్చిన కాపీ ఒక్కటే మిగిలితే మీ పిల్లలు దాన్నే నిజమనుకుంటారు కదా. అందుకే రంగుల పని పూర్తిగా ఆపేశాను. ఇప్పుడు చెదలు తిన్నచోట, గీతలు పడ్డచోట మాత్రమే చేత్తో సరిచేస్తున్నాం, ముఖాల జోలికి పోవడం లేదు. ఒక్కో ఫొటోకు పూట పడుతోంది. ఆలస్యానికి కారణం ఇదే. రంగులకు డబ్బు కట్టినవాళ్లు వచ్చి వెనక్కి తీసుకోండి, రసీదు లేకపోయినా పర్వాలేదు.

ఈ పనిలో నాకు తెలిసొచ్చినవి కొన్ని చెప్పాలి. మన ఊరిని 1890లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద మహబూబ్‌నగర్ అన్నారు. ఆయన దగ్గర ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ ఉండేవాడు, ఆయన తీసిన గాజు నెగెటివ్‌లు ఢిల్లీలో భద్రంగా ఉన్నాయి. కూలికి పోయినవాళ్లకు ఒక్క ఫొటో ఉంటే గొప్ప. మీరు తెచ్చినవి వెనక్కి తిప్పి చూస్తుంటే చాలావాటి మీద బొంబాయి, పుణె స్టూడియోల రబ్బరు స్టాంపులు కనబడుతున్నాయి. పాలమూరు లేబర్ అని దేశమంతా పిలిచిన మనవాళ్లు పనికి పోయినచోట ఒక ఆదివారం స్టూడియోకు వెళ్లి, గీసిన పరదా ముందు కుర్చీలో కూర్చుని, చేతికి గడియారం పెట్టుకుని దిగి, ఇంటికి పంపినవి ఇవి. ఊళ్లో తీసినవే ఊరి ఫొటోలు అని మొదట్లో ఇవన్నీ పక్కన పెట్టాను, ఇప్పుడు గోడ మీద మొదటి వరుసలో ఇవే ఉన్నాయి.

కొల్లాపూర్ వైపు నుంచి ఒకాయన తెచ్చిన పెళ్లి ఫొటో ఉంది, శ్రీశైలం ముంపులో పోయిన ఊరు. పెళ్లికొడుకు, పెళ్లికూతురు వెనక ఇంటి ద్వారబంధం, దానికి కట్టిన మామిడి తోరణం, పక్కన అరుగు మీద బోర్లించిన గంప. "నా పెళ్లి సరే సార్, ఆ తలుపు బాగా కనబడేలా చేయండి" అన్నాడు. తలుపు వరకే విడిగా పెద్ద ప్రింటు వేసి ఇచ్చాను.

పిల్లలమర్రి ఫొటోలు అన్నిటికంటే ఎక్కువ వచ్చాయి, స్కూలు పిల్లలు, కొత్త జంటలు, ఊడలు పట్టుకుని ఊగేవాళ్లు. ఏడు వందల ఏళ్ల చెట్టంటారు. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగిపడ్డాక జనాన్ని దగ్గరికి రానివ్వడం మానేశారు, 2018లో చెదల మందు సెలైన్ సీసాల్లో పోసి చుక్కచుక్కగా ఎక్కించారు. మీ ఫొటోలను వరుసగా పెడితే ఏ కొమ్మ ఎప్పటిదాకా ఉందో తెలుస్తోంది, కాబట్టి చెట్టు కింద దిగినవి ఉంటే ఇంకా తెండి.

ఇంట్లో జాగ్రత్తలు: అద్దానికి అతుక్కున్న ఫొటోను దయచేసి లాగకండి, అద్దంతోనే స్కాన్ చేస్తాం. లామినేషన్ వద్దు, తర్వాత తీయాలంటే ఫొటో చిరుగుతుంది. బ్లాక్ అండ్ వైట్ ఫొటోలో బొమ్మ వెండితో ఏర్పడుతుంది, అందుకే తాతల ఫొటోలు ఇంకా నిలిచాయి. మీ 80ల నాటి కలర్ పెళ్లి ఫొటోల్లోవి ఉత్త రంగులు, అవి వెలిసి ఎర్రబారుతున్నాయి, ముందు వాటిని తెండి. వెనక పేర్లు రాయాలంటే బాల్‌పెన్ను వద్దు, మెత్తని పెన్సిల్‌తో మెల్లగా రాయండి.

ఉగాది నుంచి శ్రావణం దాకా ఇచ్చినవాళ్లవి తయారయ్యాయి, ఆదివారం తప్ప ఏ రోజైనా రండి. మిగతావి సంక్రాంతికి. ఇంక ఫోన్‌లో రేపని చెప్పను, కాకపోతే కాలేదనే చెప్తాను.

అవ్వ ఫొటో మళ్లీ చేసి పెట్టాను, గదువ మీద మూడు చుక్కలూ ఉన్నాయి. మనవడు ఇచ్చిన నంబరు కలవడం లేదు. ఇది చదివిన వాళ్లలో వాళ్లు తెలిసినవాళ్లుంటే చెప్పండి, నేనే తీసుకెళ్లి ఇస్తాను.