నల్లమల మీద రాసిన పరిశోధన పేపర్లు నల్లమలకు ఎప్పుడొస్తాయి?

తెలంగాణ అటవీ, పర్యావరణ శాఖ మంత్రివర్యులకు నమస్కారం.

నేను నాగర్‌కర్నూల్, అచ్చంపేట వైపు కాలేజీల్లో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. నా దగ్గర చదివినవాళ్లలో కొందరు మీ శాఖలో బీట్ ఆఫీసర్లు, ఇంకొందరు యూనివర్సిటీల్లో పరిశోధకులు. అందరూ తిరిగేది ఒకే అడవిలో. పరిశోధకులు రాసింది మాత్రం బీట్ ఆఫీసర్లకు అందదు.

నల్లమలలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వు దాదాపు 2,611 చదరపు కిలోమీటర్లు. ఇందులో పరిశోధన చేయాలంటే వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద మీ శాఖలోని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. అనుమతి తెచ్చుకున్న పరిశోధకులు కొలతలు వేసి అడవిలో చిన్న చిన్న ముక్కల్ని (ప్లాట్లు) గుర్తిస్తారు, చెట్ల చుట్టుకొలతలు తీస్తారు, కింద మొలిచిన సారమొక్కలూ తునికి మొక్కలూ లెక్కపెడతారు. దారి చూపేది, ఆకు చూసి చెట్టు పేరు చెప్పేది అప్పాపూర్, భౌరాపూర్ లాంటి పెంటల్లో (అడవిలోని గూడేల్లో) ఉండే చెంచులు. ఆ తర్వాత అదంతా ఇంగ్లీషు జర్నల్‌లో వ్యాసమై, డబ్బు కడితే తప్ప తెరుచుకోని చోట కూర్చుంటుంది. సాయం చేసిన చెంచు పేరు, ఉంటే, చివరి కృతజ్ఞతల్లో ఒక ముక్క.

పరిశోధకుల్ని తిట్టి లాభం లేదు. వాళ్లను తూచే తక్కెడే అట్లా ఉంది. అధ్యాపకుల ప్రమోషన్లకు యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) పెట్టిన 2018 నిబంధనల పట్టికలో, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్ వ్యాసాలు సగటున ఎన్నిసార్లు ప్రస్తావనకొచ్చాయన్న లెక్క) 10 దాటిన జర్నల్‌లో వ్యాసానికి 30 పాయింట్లు, ఒక పరిశోధన వ్యాసాన్ని భారతీయ భాషలోకి అనువదిస్తే 3. ఇక పరిశోధకుణ్ని కొలిచే హెచ్-ఇండెక్స్ ఉంది. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించిన లెక్క ఇది. అది 15 అంటే, ఆ మనిషి వ్యాసాల్లో 15 ఒక్కొక్కటీ కనీసం 15 సార్లు ఇతర వ్యాసాల్లో ప్రస్తావనకొచ్చాయని అర్థం. ఆ ప్రస్తావననే సైటేషన్ అంటారు. అంటే ఇది వ్యాసాలు రాసేవాళ్లు వ్యాసాలు రాసేవాళ్లకు వేసే ఓటు. పేపరు చదివి ఫైర్‌లైన్ (నిప్పు పాకకుండా ఆకులూ గడ్డీ తీసేసిన బాట) ఎక్కడ తీయాలో మార్చుకున్న సెక్షన్ ఆఫీసర్ ఓటు దాంట్లో పడదు. పైగా ఎండుటాకుల అడవిలో ఒక ప్లాటును మళ్లీ కొలవాలంటే ఏళ్లు ఆగాలి. ఓపికగా ఆగినవాడి కంటే శాటిలైట్ డేటా పెట్టుకుని దేశమంతటికీ ఒకే మ్యాపు గీసినవాడికి సైటేషన్లు తొందరగా వస్తాయి. మ్యాపులు వద్దనను. నిప్పు అంటుకుంటే మీ శాఖకు వచ్చే అలర్టులు శాటిలైట్ నుంచే కదా. కానీ అది 375 మీటర్ల గడిలో ఒక చుక్క చూపిస్తుంది, అంతే. నిప్పు ఇప్పపూల కోసం పెట్టిందా, పశువుల మేత కోసమా, బాటసారి పారేసిన బీడీదా అన్నది పెంటలో అడిగితేనే తెలుస్తుంది.

పరిశోధన ఊరికి చేరితే ఏమవుతుందో తపసి చెట్టు చెప్తుంది. బంక కోసం గొడ్డలితో లోతుగా నరికితే ఆ చెట్టు ఎండి చస్తుంది. బెరడును పైపైన చెక్కి, గాయం మానేదాకా ఆగాలని అధ్యయనాలు చెప్పాయి. ఆ మాట శిక్షణల రూపంలో బంక తీసేవాళ్ల చేతుల్లోకి వెళ్లింది కాబట్టే పనికొచ్చింది. దానికి ఎన్ని సైటేషన్లు అని ఏ చెంచూ అడగలేదు.

ప్రమోషన్ల పట్టిక మీ చేతిలో లేదు, తెలుసు. అనుమతి పత్రం మీ చేతిలో ఉంది. దానికి ఒక షరతు కలపండి: పని ముగిశాక పరిశోధకులు నాలుగైదు పేజీలు తెలుగులో రాసి రేంజ్ ఆఫీసుకు ఇవ్వాలి, పని చేసిన పెంటలో గ్రామసభ పెట్టి చదివి వినిపించాలి, దారి చూపినవాళ్ల పేర్లు, వాళ్లు ఒప్పుకుంటే, అందులో రాయాలి. ఆ ఊరి జీవవైవిధ్య కమిటీ దగ్గర, అక్కడి మొక్కలూ జంతువులూ రాసిపెట్టే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉంటుంది. ఒక ప్రతి అక్కడికి పోతే ఆ రిజిస్టర్‌కూ కొంచెం ప్రాణం వస్తుంది.

వేటగాళ్లకు దారి చూపించినట్టవుతుందని మీ అధికారులు అభ్యంతరం చెప్పొచ్చు. న్యాయమైన భయమే. పులి ఎక్కడ పిల్లల్ని పెట్టిందో రాయమనడం లేదు. ఏ మొక్క తగ్గుతోంది, ఏ కలుపు పెరుగుతోంది, ఏ వాగు ఎప్పుడు ఎండుతోంది అన్నవి దాచాల్సిన సంగతులు కావు.

కేంద్రం 2024 నవంబర్‌లో 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్'కు మూడేళ్లకు 6,000 కోట్లు కేటాయించింది. ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలు, కేంద్ర పరిశోధన సంస్థలు దాంతో వేల జర్నళ్లు చదువుకోవచ్చు. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర డ్యూటీ చేసే నా శిష్యుడికి అందులో వాటా లేదు. మీరు పెట్టే షరతుకు రూపాయి ఖర్చు కూడా కాదు.

ఇప్పటిదాకా అనుమతులు తీసుకున్నవాళ్లు మీ ఆఫీసుకు ఇచ్చిన రిపోర్టులు బీరువాల్లో ఉండే ఉంటాయి. ముందు వాటిని బయటికి తీయించండి. తెలుగు చేయడానికి మనుషులు దొరక్కపోతే నాలాంటి రిటైరైన పంతుళ్లు ఈ జిల్లాలో చాలామంది ఉన్నాం. కబురు పెడితే వస్తాం.

ఇట్లు,
అచ్చంపేట నుంచి ఒక రిటైర్డ్ వృక్షశాస్త్ర అధ్యాపకుడు