మధ్యాహ్నం రెండు దాటాక వచ్చేవాళ్లకు

నమస్కారం అండి. మా మెస్సులో భోజనం ధర వచ్చే ఒకటో తారీఖు నుంచి 110 రూపాయలు కాదు, 120. ముందే చెప్పేస్తున్నాను, తీరా చేతులు కడుక్కుని కూర్చున్నాక తెలిస్తే ఎవరికైనా చిరాకే. ధర ఒక్కటే కావలసినవాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు. మిగతాదంతా నేను ఒప్పుకోవలసిన ఒక తప్పు గురించి.

రాజమండ్రిలో పదకొండేళ్లుగా ఈ మెస్సు నడుపుతున్నాను. మంగళవారం మాకు సెలవని మీకు తెలుసు. ఆ రోజు నేనూ, నాతో పదో తరగతి దాకా చదివిన ఫ్రెండూ బండి వేసుకుని ఎక్కడో ఒకచోట తిని వస్తాం. వాడు ఆర్టీసీ కండక్టరు. ఎవరెవరినో బతిమాలి వీక్లీ ఆఫ్ మంగళవారానికి మార్పించుకున్నాడు. హోటలు నడిపేవాడికి తన వంట రుచి తెలియదండీ. పొద్దున్న ఆరింటి నుంచి పోపు ఘాటు పీలుస్తూ ఉంటే ఆకలి చచ్చిపోతుంది. మూడున్నరకి గట్టు పక్కన నిలబడి రెండు ముద్దలు మజ్జిగన్నం తింటే అదే భోజనం. అందుకే వారానికి ఒక్క పూట ఎవరో వడ్డిస్తుంటే కూర్చుని తినడం నాకు పండగ.

అలా చాలాచోట్ల తిన్నాం. అంబాజీపేటలో పనసాకుల బుట్టల్లో ఉడికిన పొట్టిక్కలు తినడానికి తెల్లారకుండా బయల్దేరాం. ఇడ్లీ పిండే, కానీ ఆ ఆకు వాసన పట్టేసరికి వేరే పదార్థం అయిపోతుంది. ఆత్రేయపురం దారిలో పూతరేకులు కొనుక్కుని ఇంటికి తేకుండానే కాలువ గట్టు మీద పొట్లం ఖాళీ చేశాం. కాకినాడ సుబ్బయ్య గారి హోటల్లో అయితే ఆకు మీద ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలియలేదు. చెయ్యి అడ్డం పెట్టి వద్దంటున్నా వేళ్ల సందుల్లోంచి వడ్డిస్తారక్కడ. వాటి గురించి ఇంకోసారి రాస్తాను. ఇప్పుడు చెప్పాల్సింది బాగా తిన్నచోటి గురించి కాదు.

నెల క్రితం ఒక ఊరు వెళ్లాం. ఊరి పేరూ చెప్పను, హోటలు పేరూ చెప్పను. దారిలో టైరు పంచరై, మేం చేరేసరికి రెండూ పది అయింది. గోడ మీద మూడింటి వరకు ఫుల్ మీల్స్ అని రాసి ఉంది. డబ్బు కట్టి టోకెన్ తీసుకుని కూర్చున్నాం. రెండు కూరల్లో ఒకటి అయిపోయిందన్నారు, సరే. పప్పు వేస్తే విస్తరి అంచు దాటి బల్ల మీదికి పారింది. సాంబారులో ములక్కాడ ముక్క కోసం కుర్రాడు బకెట్ అడుగు దాకా గరిటె తిప్పాడు, ఏమీ తగల్లేదు. అప్పడం మెత్తబడిపోయింది. మేం సగంలో ఉండగానే కాళ్ల కింద చీపురు పెట్టారు. ఇవన్నీ ఒక ఎత్తు. కౌంటరు పక్కన పార్శిళ్లు కడుతున్న అబ్బాయి, మాకు లేదన్న బెండకాయ వేపుడునే కవర్లలో పోసి మూతులు కడుతున్నాడు. అది చూశాక మాత్రం నాకు ఒళ్లు మండింది.

బయటికొచ్చి తిట్టడం మొదలుపెట్టాను. డబ్బులు మాత్రం పూర్తిగా తీసుకున్నారు, ఆలస్యంగా వచ్చినవాడు మనిషి కాదా, ఇలాంటివాళ్లకి హోటలెందుకు అని. మావాడు తాపీగా చెయ్యి తుడుచుకుని ఒక్క మాటన్నాడు: "నీ దగ్గరా రెండు దాటితే ఇంతే కదరా."

నేను ఒప్పుకోలేదు. వాడు వదల్లేదు. "మొన్న శనివారం డ్యూటీ దిగి వచ్చాను. గుత్తొంకాయ అయిపోయిందన్నాడు మీ కుర్రాడు. నేను కౌంటరు దగ్గర నిలబడి ఉండగానే రెండు పార్శిళ్లలోకి వెళ్లింది అదే గుత్తొంకాయ. పప్పులో నీళ్లు ఎన్నిసార్లు పోశారో మీ ఆవిణ్ణి అడుగు."

"మరి అప్పుడే చెప్పొచ్చు కదరా?"

"నా దగ్గర డబ్బులు తీసుకోవుగా. ఊరికే తినేవాడు ఏం చెప్తాడు?"

తిరుగు ప్రయాణంలో ధవళేశ్వరం బ్యారేజీ దాటేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. వాడు చెప్పింది అబద్ధమైతే కోపం వచ్చేది. నిజం కాబట్టి సిగ్గేసింది.

ఇందులో దాచడానికేం లేదు, ఎలా జరుగుతుందో చెప్తాను. మా దగ్గర రోజుకు 140 భోజనాల దాకా వెళ్తాయి. పప్పు పదిన్నరకి ఒక పెద్ద డేక్సాతో ఒకేసారి దించేస్తాం. ఒకటింబావుకి సగానికి పైగా ఖర్చవుతుంది. మిగిలింది వేడి మీద ఉండి ఉండి గట్టిపడుతుంది. గట్టిపడింది కదా అని ఒక చెంబు మరిగే నీళ్లు, చిటికెడు ఉప్పు. మొదటి చెంబు వరకు తప్పు లేదు, ఇంట్లోనూ అదే చేస్తాం. రెండో చెంబు పోసేది గట్టిపడినందుకు కాదు, ఇంకా ముప్ఫైమంది రావాలి కనుక. అక్కడ వంట ఆగిపోయి లెక్క మొదలవుతుంది. రెండున్నరకి వచ్చేవాళ్లకు మేం పెట్టింది పప్పు కాదండీ, పప్పు కట్టు.

పార్శిళ్ల సంగతి ఇంకో రకం. పార్శిల్‌కి కుర్చీ అక్కర్లేదు, వడ్డించే మనిషి అక్కర్లేదు, మారు వడ్డన లేదు. కట్టి ఇస్తే నిమిషంలో డబ్బు. పైగా పార్శిల్ వాళ్లు నిలబడి వాచీ చూస్తుంటారు, కూర్చున్నవాళ్లు పాపం ఆకు ముందు పెట్టుకుని ఎదురు చూస్తారు. ఎవరు తొందరపెడితే వాళ్ల పని ముందు అయిపోతుంది. కిందటి నెలలో ఒక వారం కాగితం పెట్టి లెక్క రాశాం. 140లో 55 పార్శిళ్లు. కానీ కూరల్లో దాదాపు సగం వాటిలోనే పోతోంది, ఎందుకంటే కవరు నిండుగా కనబడాలని మా కుర్రాడు గరిటెన్నర వేస్తున్నాడు. ఆఫీసుల్లో ఒక పార్శిల్‌ని ఇద్దరు పంచుకుంటారని కూడా విన్నాను. వాళ్ల తప్పేం లేదు, మేం వేశాం, వాళ్లు తిన్నారు.

అందుకని ఈ పది రోజుల్లో కొన్ని మార్చాం. పప్పు రెండు విడతలుగా వండుతున్నాం, ఒంటిగంటకి రెండోసారి కుక్కరు పెడుతున్నాం. మధ్యాహ్నం ఒకటిన్నర దాటితే పార్శిల్ లేదు. ఇది కొందరికి ఇబ్బందే, తెలుసు. రోజూ తీసుకెళ్లే బ్యాంకువాళ్లు అప్పుడే ఫోన్ చేసి నిష్ఠూరమాడారు. ఒకటిన్నర లోపు ఎవరినైనా పంపండి, వేడివేడిగా కట్టిస్తాం. గుమ్మం దగ్గర పలక వేలాడదీశాం. ఆ రోజు కూరలు దాని మీద ఉంటాయి, ఏదైనా అయిపోతే తుడిచేస్తాం. లోపలికి రాకముందే చూసుకోవచ్చు. రెండు కూరల్లో ఒకటి లేకపోతే 20 రూపాయలు తగ్గించి తీసుకుంటాం. మీరు అడగక్కర్లేదు. మా కుర్రాడు మర్చిపోతే మాత్రం అడగండి, మొహమాటపడకండి.

రెండోసారి పొయ్యి వెలిగించడం అంటే గ్యాసు. మేం వాడేది 19 కిలోల కమర్షియల్ సిలిండరు, దాని రేటు ప్రతి నెలా ఒకటో తారీఖున మారుతుంది, ఇంటి సిలిండరులా కాదు. నెలకి మూడు సిలిండర్లు అదనంగా పడతాయని మా అంచనా. పెంచిన పది రూపాయల్లో పెద్ద వాటా దానికీ, కందిపప్పుకే పోతుంది.

బియ్యం గురించి కూడా చెప్పాలి. సంక్రాంతి తర్వాత ఓ నెల రోజులు అన్నం ముద్దముద్దగా ఉందని చాలామంది అన్నారు. నేను స్టవ్ మీదికి, వంటమనిషి మీదికి నెట్టేశాను. అసలు కారణం కొత్త బియ్యం. మేం వండేది బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, 1986లో బాపట్ల నుంచి వచ్చిన రకం. అది పాతబడితేనే మెతుకు మెతుకుగా విడుతుంది, ఎసరు కూడా ఎక్కువ పీలుస్తుంది. డిసెంబరులో నూర్చిన ధాన్యం జనవరిలోనే బియ్యమై వస్తే అన్నం అంటుకుంటుంది. 26 కిలోల బస్తాకి నూట యాభై తక్కువని కక్కుర్తి పడి కొన్నాను. పనిలో పనిగా ఆ 26 కిలోల కథ: 2022 జులైలో 25 కిలోల దాకా ఉండే ప్యాకింగ్ బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వేశారు, ఆ తర్వాతే బస్తాలకి ఆ ఒక కిలో తోడైంది. మన వ్యాపారులకి దారి చూపించక్కర్లేదు. ఇప్పుడు కనీసం ఆరు నెలలు నిల్వ ఉన్న బియ్యమే తెస్తున్నాను, బస్తా విప్పి చేత్తో చూసి మరీ.

నూనె సంగతి అడిగేవాళ్లు తక్కువ, అయినా చెప్తాను. కూరలకు సన్‌ఫ్లవర్, అప్పడాలకూ వడియాలకూ పామోలిన్. 2024 సెప్టెంబరులో ముడి వంటనూనెల మీద దిగుమతి సుంకం పెంచారు, డబ్బా రేటు వారంలో ఎగిరింది. 2025 మే నెలాఖరున ఆ సుంకంలో కొంత తగ్గించారు, డబ్బా రేటు మాత్రం దిగడానికి మీనమేషాలు లెక్కపెట్టింది. ఆ రోజుల్లో అప్పడాలు వేయించిన నూనె మర్నాడు కూడా మూకుట్లో పోశాం. ఇకపై ఏ రోజు మూకుడు ఆ రోజే ఖాళీ చేస్తాం.

మొన్నామధ్య ఒక ఏసీ రెస్టారెంట్‌కి కూడా వెళ్లాం, మావాడి కూతురికి సీటు వచ్చిందని పార్టీ. బిల్లులో సర్వీస్ చార్జీ అని 10 శాతం వేశారు. కండక్టరు కదా, కాగితం కనబడితే చివరి అక్షరం దాకా చదువుతాడు. దాన్ని అడక్కుండా బిల్లులో వేయకూడదని వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలోనే చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా సమర్థించింది. మావాడు ఆ మాటే అంటే కిక్కురుమనకుండా తీసేశారు. ఆ డబ్బుని వాడు వడ్డించిన అబ్బాయి చేతిలో పెట్టాడు, అది వేరే విషయం. మా దగ్గర ఈ బాధ లేదు. మేం జీఎస్టీలో కాంపోజిషన్ కింద, అంటే చిన్న వ్యాపారులకి ఉన్న పద్ధతిలో ఉన్నాం కాబట్టి మీ బిల్లు మీద పన్ను వేయం, వేయకూడదు కూడా. 120 అంటే 120. నీళ్లు క్యాన్ నీళ్లే, గ్లాసు బల్ల మీదే ఉంటుంది. ఎవరికీ అడక్కుండా బాటిల్ తెచ్చి మూత తీసి పెట్టం.

ఇక మావాడి సంగతి. ఇప్పుడు వాడి దగ్గర డబ్బులు తీసుకుంటున్నాను. వారంలో ఏదో ఒక రోజు చెప్పకుండా వస్తాడు, రెండు దాటాకే వస్తాడు. చేతులు కడుక్కునే కుళాయి పక్కన చివరి బల్ల దగ్గర కూర్చుంటాడు. గురువారం రెండూ పాతికకి వచ్చాడు. పలక మీద దొండకాయ తుడిచేసి ఉంది, వాడి దగ్గర వంద రూపాయలే తీసుకున్నాడు మా కుర్రాడు. అంటే 120లో 20 తగ్గించి. కొత్త ధర ముందుగా కట్టింది వాడే. తినడం అయ్యాక కౌంటరు దగ్గరికి వచ్చాడు.

"పప్పు?" అన్నాను.

"పప్పు బాగుంది. చారులో ఉప్పు ఎక్కువైంది."

వాడు వెళ్లాక గరిటెతో తీసి రుచి చూశాను. నిజంగానే ఎక్కువైంది. అప్పటికే ఆ చారు ఎనభైమంది తాగారు, ఒక్కరూ నాతో అనలేదండీ.