ఆ 1,400 రూపాయల నల్ల ఇయర్‌ఫోన్ ఇక అమ్మడం లేదు

అన్నలకు, అక్కలకు, పెద్దలకు కోఠీ షాపు నుంచి నమస్తే.

"బయటి రొద వినపడొద్దు, పాట బాగుండాలి, రెండు వేలు దాటొద్దు" అన్న ప్రతి ఒక్కరి చేతిలో మూడేళ్లుగా నేను పెట్టింది ఒకటే, ఆ నల్ల వైరు ఇయర్‌ఫోన్. పోయిన శనివారం నుంచి దాన్ని అమ్మడం ఆపేశాను. స్టాకు లేక కాదు. కౌంటర్ కింద అట్టపెట్టెలో 83 పీసులు మూలుగుతున్నాయి.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. చిక్కడపల్లి నుంచి వచ్చే మృదంగం మాస్టారు మీలో చాలామందికి తెలుసు. స్టూల్ మీద కూర్చుని, నేను ఏది అమ్ముతున్నా పక్క నుంచి ఒక మాట వేసే పెద్దాయన. పాతదాని వైరు తెగితే మళ్లీ అదే కొన్నారు. వారం తిరక్కుండా వచ్చి, "బాబూ, వలంతల టకటకా వినపడుతోంది, తొప్పి మాత్రం లేదు" అన్నారు. వలంతల అంటే మృదంగంలో సన్నగా మోగే కుడివైపు, తొప్పి అంటే లోతుగా మోగే ఎడమవైపు. నేనేమన్నానో తెలుసా? "సార్, మీ ఫోన్‌లో ఈక్వలైజర్, అదే సౌండ్ సెట్టింగ్, మారినట్టుంది." తొప్పికి తడి రవ్వ అద్దుకుంటూ బతుకంతా గడిపిన మనిషికి అది ఎలా వినపడాలో నేను చెప్పబోయాను. ఆయన ఏమీ అనకుండా వెళ్లిపోయారు. ఆ శనివారం స్టూల్ ఖాళీగానే ఉంది.

రెండో ఫిర్యాదు తెచ్చింది అశోక్ నగర్‌లో గ్రూప్స్‌కు చదువుకుంటున్న ఒక తమ్ముడు. రాత్రి ఇయర్‌ఫోన్ లాగితే పీసు చేతికొచ్చింది, రబ్బరు చెవిలోనే ఉండిపోయింది. వేలితో తీయబోతే ఇంకా లోపలికి పోయింది. పొద్దున ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర తీయించుకుని, ఫీజు చీటీనీ ఇయర్‌ఫోన్‌నూ తెచ్చి నా గల్లాపెట్టె మీద పెట్టాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. రెండు డబ్బులూ ఇచ్చేశాను.

ఆ రాత్రి షట్టర్ సగం దించి, పక్కన వాచీలు బాగుచేసే అన్న దగ్గర సన్న కొలతలు తీసే వెర్నియర్ అడిగి తెచ్చి కొలిచాను. రబ్బరు ఎక్కించే గొట్టం పాత పీసులో 5.8 మిల్లీమీటర్లు, కొత్త లాట్‌లో 5.2. పాతదాని చివర సన్నటి గట్టు ఉండేది, రబ్బరు జారకుండా పట్టుకునేది అదే. కొత్తదానికి ఆ గట్టే లేదు, నున్నగా ఉంది. పైన డబ్బా అదే, బొమ్మ అదే, మోడల్ నంబర్ కూడా అదే.

సగం మిల్లీమీటరుకు ఇంత గోలేమిటి అంటారా? ఇన్-ఇయర్ అంటే సగం స్పీకర్, సగం బిరడా. రబ్బరు చెవి కాలువకు చుట్టూ అంటుకుంటేనే బయటి చప్పుడు ఆగుతుంది, లోపలి బేస్ నిలబడుతుంది. ఎక్కడైనా సందు పడిందా, ముందుగా జారిపోయేది లోతైన శబ్దమే. అందుకే మాస్టారికి వలంతల మిగిలి తొప్పి పోయింది. బేస్ పోయింది, బస్సు రొద లోపలికొచ్చింది, ఇక చెయ్యి వాల్యూమ్ మీదికి పోతుంది. 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు వినొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అదే 90కి పెంచితే వారం మొత్తానికి 4 గంటలే. రొద ఆపని ఇయర్‌ఫోన్ అమ్మితే మీ చెవులకు నేనే ఎసరు పెట్టినట్టు.

మాల్ ఇచ్చే పార్టీకి ఫోన్ చేశాను. ఏడేళ్ల లావాదేవీ, నా చెక్కు ఒక్కటీ వెనక్కి రాలేదు. ఫోటోలు పంపాను, కొలతలు పంపాను. రెండు రోజుల తర్వాత జవాబు: "అన్నా, ఫ్యాక్టరీ అచ్చు మార్చింది. పీసుకు 150 తగ్గిస్త. అయినా కోఠీలో గిన్ని కొలతలు ఎవడు చూస్తడు?"

నేను చూస్తాను. నా దగ్గర కొనేవాళ్లూ చూస్తారు. తొప్పి పోయిందని వారంలో పట్టుకున్న మనిషి ఇదే షాపులో కూర్చుంటాడు. ఆ ఒక్క మాటకే ఆ పార్టీతో ఖాతా మూసేశాను. మా ఆవిడ దీన్ని పౌరుషం అనదు, మొండితనం అంటుంది. ఉండనీ.

ఇక మిగిలిన 83 పీసులు. పీసు నాకు 910 పడింది, అంటే 75,530 రూపాయలు పెట్టెలో ఇరుక్కున్నాయి. నిద్ర పట్టనిది దీనికే. మా బావమరిది, "700కి బండి మీద పెట్టించు, నాలుగు రోజుల్లో ఖాళీ" అన్నాడు. బండి మీద కొన్నవాడికి మాత్రం చెవి ఉండదా? మా అబ్బాయి చెప్పింది కొంచెం బుర్రకెక్కింది: "నాన్నా, రబ్బరు బదులు స్పాంజిలాంటి ఫోమ్ టిప్స్ వేసి అమ్ముదాం." వేసి చూశాను. సన్న గొట్టానికి సరిపోయే ఫోమ్ గట్టిగానే పట్టింది, లాగినా రాలేదు. ఇంట్లో మిక్సీలో కొబ్బరి పచ్చడి తిరుగుతుంటే పక్కనే నిలబడి విన్నాను. తొప్పి తిరిగొచ్చింది, మిక్సీ ఎక్కడో పక్కింట్లో తిరుగుతున్నట్టుంది. నిజం చెప్తున్నా, పాత రబ్బరు కంటే బాగుంది. జతకు 120 అదనం, లెక్క కూడా కుదిరింది. తెల్లారితే స్టిక్కర్లు వేయిద్దామనే పడుకున్నాను.

పడుకున్నాక ఇంకో లెక్క మొదలైంది. రోజూ వాడితే ఫోమ్ రెండు మూడు నెలల్లో చెమటకు, జిడ్డుకు మెత్తబడి ఉబ్బడం మానేస్తుంది. అప్పుడు మీరేం చేస్తారు? డ్రాయర్‌లో ఉన్న పాత రబ్బరు తొడుగుతారు. అది ఎవరి చెవిలో ఉండిపోతుందో నాకేం తెలుసు? రెండు రాత్రులు అటూ ఇటూ దొర్లి, అమ్మకూడదనే తేల్చుకున్నాను. వైర్లు ఊడదీసి రిపేర్లకు వాడుకుంటాను. మిగతాది నష్టం.

ఈ లాట్‌లో నేను అమ్మినవి 37. ఇప్పటికి 11 మంది తెచ్చిచ్చారు, ఇంకా 26 మంది రావాలి. డబ్బా మీద మోడల్ నంబర్ చూసి లాభం లేదు. రబ్బరు తీసి గొట్టం చివర గోరుతో గీకి చూడండి. గోరుకు గట్టు తగిలితే పాతదే, హాయిగా వాడుకోండి. నున్నగా జారితే వెంటనే వాడకం ఆపి తెచ్చివ్వండి. బిల్లు లేకపోయినా 1,400 మొత్తం వాపసు. ఊరికి వెళ్లినవాళ్లు కొరియర్‌లో పంపండి, ఖర్చు నాదే.

బదులుగా తెచ్చింది 1,650. అవును, 250 ఎక్కువ, ఇందులో బేరం లేదు. గొట్టానికి గట్టుంది, వైరు ఊడదీసి మార్చుకోవచ్చు. వైరు చెవి మీదుగా తిప్పి పెట్టుకోవాలి, లేకపోతే చొక్కాకు రాసుకున్న చప్పుడంతా చెవిలోకొస్తుంది. రబ్బర్లు మూడు సైజుల్లో వస్తాయి. మూడూ పెట్టి చూడకుండా ఎవరినీ పంపను. కొందరికి రెండు చెవులకూ ఒకే సైజు సరిపోదు. అవతలి చేత్తో చెవిని పైకి, వెనక్కి కాస్త లాగి పెట్టండి, తేడా మీకే తెలుస్తుంది. పెట్టుకున్నాక మీ నమిలే చప్పుడు మీకే పెద్దగా వినపడితే కంగారు పడొద్దు, బిరడా బాగా పడిందన్నమాట. రోడ్డు దాటేటప్పుడు, బండి మీద మాత్రం తీసేయండి.

బ్లూటూత్‌వి, నాయిస్ క్యాన్సిలేషన్‌వి ఎందుకు పెట్టవని అడుగుతూనే ఉన్నారు. బస్సు ఇంజన్, ఏసీ లాంటి ఒకే తీరు హోరును అవి బాగానే తగ్గిస్తాయి. హాస్టల్లో పక్క మంచం వాడి ఫోన్ ముచ్చట్లకు మాత్రం రబ్బరు బిగింపే ఎక్కువ పనిచేస్తుంది. పైగా ఈ ధరలో బ్యాటరీ చచ్చాక నేను బాగుచేసివ్వగలిగింది ఏమీ లేదు. పెట్టను.

మొన్న చిక్కడపల్లి వెళ్లి మాస్టారికి కొత్తది ఇచ్చి, ఈక్వలైజర్ మాటకు క్షమాపణ చెప్పాను. డబ్బు వద్దంటే ఒప్పుకోలేదు. పాతదాని 1,400 పోను మిగిలిన 250 చిల్లరతో సహా లెక్కపెట్టి నా చేతిలో పెట్టారు. ఎలా ఉందంటే చెప్పలేదు. "శనివారం వస్తాగా, స్టూల్ ఉంచు" అన్నారు.