వేలు పెట్టి చూపించమనండి

తల్లిదండ్రులకు నమస్కారం.

ఆటల పోటీల ఫలితాలు, సెలవుల వివరాలు, గ్రంథాలయానికి వచ్చిన కొత్త పుస్తకాల జాబితా ఈసారి లోపలి పేజీల్లో ఉన్నాయి. మొదటి పేజీని పదకొండు, పన్నెండు తరగతుల పిల్లల ఇంగ్లిష్ కోసం, అంటే పాసేజీ చదివి దాని మీది ప్రశ్నలకు జవాబులు గుర్తుపెట్టే పని కోసం అట్టిపెట్టుకున్నాను. కిందటి సమావేశంలో మీలో చాలామంది నాతో ఒకే మాట అన్నారు: "రోజూ పాసేజీలు చేస్తూనే ఉంది మేడమ్, మార్కులు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి." విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షకు సిద్ధమవుతున్న పిల్లల ఇళ్లలో ఈ దిగులు ఎంత బరువుగా ఉంటుందో నాకు తెలుసు. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడవైంది.

ఆ సమావేశం అయిన రెండు రోజులకు పన్నెండో తరగతి అమ్మాయి ఒకరు నా గదికి వచ్చింది. చేతిలో లావాటి అభ్యాస పుస్తకం. మూడు వంతులు పూర్తయింది. ప్రతి పేజీలోనూ నీలం సిరాతో జవాబులు, కీ చూసి ఎర్ర సిరాతో దిద్దుకున్న టిక్కులు, ఇంటూలు, కింద మొత్తం మార్కులు. ఎంత శుభ్రంగా పెట్టుకుందో! తీరా చూస్తే మొదటి వారం మార్కులకూ పదో వారం మార్కులకూ పెద్ద తేడా లేదు. "ఇంకా ఎక్కువ చేయాలేమో మేడమ్" అంది. గొంతు వణుకుతోంది.

ఇంటూ పడిన ప్రశ్న ఒకటి తీసి చూశాను. తేనెటీగల నాట్యం మీద పాసేజీ అది. పూలు ఏ దిక్కున, ఎంత దూరంలో ఉన్నాయో తేనెటీగ తన నాట్యంతో తోటి ఈగలకు చెబుతుందని కార్ల్ ఫాన్ ఫ్రిష్ అనే శాస్త్రవేత్త నిరూపించాడు. 1973లో ఆయన నోబెల్ బహుమతి అందుకున్నవారిలో ఒకడు. చివరి పేరాలో రచయిత ఒక మెలిక పెట్టాడు: పూలు విరివిగా ఉన్నచోట ఈ నాట్యం వల్ల ఒరిగేది తక్కువే కావచ్చని తర్వాతి పరిశోధనలు కొన్ని సూచిస్తున్నాయట. ప్రశ్న దాని మీదే. ఈ అమ్మాయి గుర్తుపెట్టిన ఆప్షన్, "పూలు విరివిగా ఉన్నచోట నాట్యం నిరుపయోగం."

"ఇది పాసేజీలో ఎక్కడ ఉందో వేలు పెట్టి చూపించమ్మా" అన్నాను.

వేలు చివరి పేరా మీద ఆగింది. "ఇక్కడే మేడమ్" అంది ధైర్యంగా. ఆ వాక్యాన్నే ఒక్కో మాటా తెలుగులో చెప్పమన్నాను. మొదలుపెట్టింది. సగంలో ఆగిపోయింది. వేలు 'మే' అన్న మాట మీద ఉంది. "'కావచ్చు' అని ఉంది మేడమ్. 'కొన్ని' అని కూడా ఉంది. తక్కువ అన్నాడు, అసలు లేదని అనలేదు." నేను ఒక్క ముక్క కూడా వివరించలేదు. పది వారాల్లో పట్టుబడని తప్పు మూడు నిమిషాల్లో తనకే దొరికింది.

ఆ అమ్మాయి శ్రమలో లోపం లేదు. లోపం మేము పెట్టిన అలవాటులో ఉంది. రోజుకు ఇన్ని పాసేజీలు అని లెక్క పెట్టాం, కీ చూసి మార్కులు వేసుకోమన్నాం, ఎన్ని పూర్తయ్యాయని అడిగాం. తప్పు ఎందుకు జరిగిందని అడగలేదు. జవాబు తప్పని కీ చెబుతుంది, అంతే. ఏ మాట దగ్గర కన్ను జారిందో చెప్పదు. ఆ చోటు తెలియకపోతే మరుసటి పాసేజీలోనూ కన్ను అక్కడే జారుతుంది. ఇంకో వంద చేసినా అంతే. ఈ నెల నుంచి ఆ పద్ధతి మార్చాం. రోజుకు ఒక్క పాసేజీ చాలు. ప్రతి జవాబుకూ ఆధారమైన వాక్యం కింద పెన్సిల్ గీత ఉండాలి. ఊహించి పెట్టిన జవాబు పక్కన చుక్క పెట్టాలి. అలా పెట్టినది ఒప్పయినా సరే, దాన్ని తప్పుతో సమానంగానే మళ్లీ చూడాలి.

ఈ పద్ధతిలో మా ఉపాధ్యాయులు పిల్లల పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటే కొన్ని విషయాలు స్పష్టంగా కనబడ్డాయి. పిల్లలను పడగొడుతున్నవి పెద్ద పెద్ద మాటలు కావు, చిన్న మాటలు. 'ఫ్యూ' అంటే దాదాపు లేరని. 'ఎ ఫ్యూ' అంటే కొందరు ఉన్నారని. మధ్య తేడా ఒక్క అక్షరం. 'హార్డ్‌లీ' చూడగానే 'హార్డ్' గుర్తొచ్చి 'కష్టపడి' అని రాసినవారు ఉన్నారు. దాని అర్థం 'దాదాపు లేదు' అని. 'హౌఎవర్' (అయితే) వచ్చిన చోట రచయిత దారి మళ్లుతాడు. అంతవరకు చెప్పింది ఇతరుల అభిప్రాయం కావచ్చు, తన మాట అక్కడి నుంచి మొదలు కావచ్చు. ప్రశ్నలు రాసేవారికి ఈ మలుపులంటే మహా ఇష్టం. ఎందుకంటే జాగ్రత్తగా చదివినవారూ పైపైన చదివినవారూ విడిపోయేది అక్కడే. తప్పుదారి పట్టించే ఆప్షన్‌లో సాధారణంగా పాసేజీలోని మాటలే ఉంటాయి, కొలత మాత్రం మారుతుంది. 'కొందరు' కాస్తా 'అందరు' అవుతుంది. 'కావచ్చు' పోయి 'అవుతుంది' వస్తుంది.

ఇంకొక రకం తప్పు తెలివైన పిల్లలే ఎక్కువగా చేస్తారు. ఆప్షన్‌లో ఉన్నది లోకంలో నిజమే, కానీ పాసేజీ ఆ మాట చెప్పలేదు. విదేశీ విశ్వవిద్యాలయాల్లో చేరడానికి చాలామంది రాసే ఐఈఎల్‌టీఎస్ పరీక్షలో దీనికోసమే ఒక ప్రశ్న రకం ఉంది: ఇచ్చిన వాక్యం పాసేజీ ప్రకారం ఒప్పా, తప్పా, లేక పాసేజీలో ఆ సంగతే లేదా? ఈ మూడోది మన పిల్లలకు కొరుకుడు పడదు. తమకు తెలిసినది కనబడగానే చెయ్యి దానివైపు వెళ్లిపోతుంది. "ఎక్కడ ఉంది, చూపించు" అంటే తెల్లబోతారు. ఉన్నది వాళ్ల తలలో, కాగితం మీద కాదు.

మన భాష వల్ల వచ్చే చిక్కు గురించి కూడా చెప్పాలి. దీన్ని కోచింగ్ పుస్తకాలు పట్టించుకోవు. తెలుగు వాక్యంలో అసలు క్రియ చివర వస్తుంది. "ఆనకట్ట కట్టకముందే నది దారి మార్చుకుందన్న వాదన ఇంజనీర్లను ఆశ్చర్యపరిచింది" అంటాం. వివరమంతా 'వాదన'కు ముందు వచ్చేస్తుంది, చివరి మాటతో సంగతి తేలిపోతుంది. ఇంగ్లిష్‌లో 'వాదన' ముందే వస్తుంది. ఏ వాదన అన్నది దాని వెనకాల వస్తుంది. ఆ వివరంలో నది దారి మార్చుకోవడం, ఆనకట్ట కట్టడం అని రెండు క్రియలు. వాటిని దాటుకుని వెళితే గాని 'ఆశ్చర్యపరిచింది' కనబడదు. అంతలోకి మన పిల్లవాడు 'వాదన'ను మరచిపోయి, నది ఇంజనీర్లను ఆశ్చర్యపరిచిందని అనుకుంటాడు. తెలివి తక్కువై కాదు, చిన్నప్పటి నుంచి అలవాటైన వరస వేరు కాబట్టి. పొడవైన వాక్యం ఎదురైనప్పుడు 'ఏది? ఏం చేసింది?' అని అడిగి ఆ రెండు మాటలకే గుండ్రం చుట్టమంటున్నాం. వాదన, ఆశ్చర్యపరిచింది. మిగతాది తర్వాత నింపుకోవచ్చు. వారంలో రెండుసార్లు, చివరి పీరియడ్‌లో ఇదే పని. పది వాక్యాలు మాత్రమే, ప్రశ్నలు లేకుండా.

ఇక వేగం. "టైం చాలడం లేదు" అని పిల్లలు అంటే వేగంగా చదవడం నేర్పే తరగతులకు పంపాలా అని కొందరు అడిగారు. వద్దనే నా అభిప్రాయం. ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ రీడింగ్‌నే లెక్కకు తీసుకుందాం. మూడు పాసేజీలు కలిపి 2,150 నుంచి 2,750 మాటలు, 40 ప్రశ్నలు, 60 నిమిషాలు. ఇంగ్లిష్ చదివే పెద్దల వేగం మీద అప్పటిదాకా వచ్చిన ఎన్నో అధ్యయనాలను కూర్చి మార్క్ బ్రిస్‌బార్ట్ అనే పరిశోధకుడు 2019లో ప్రకటించిన సగటు, కథలు కాని రచనలకు, నిమిషానికి 238 మాటలు. మన పిల్లవాడు అందులో సగం వేగంతో చదివినా మొత్తం పాఠం సుమారు 23 నిమిషాల్లో అయిపోతుంది. ఇంకా 37 నిమిషాలు మిగులుతాయి. అవి ఎక్కడికి పోతున్నాయి? రెండు ఆప్షన్ల మధ్య ఊగిసలాటలోకి. ఆధారం వెతకడం అలవాటైన పిల్లలు ఊగిసలాడరు, నేరుగా ఆ పేరాకు వెళ్లి చూసుకుంటారు. కళ్ల కదలికలను ఏళ్ల తరబడి పరిశోధించిన కీత్ రేనర్, ఆయన సహచరులు 2016లో ప్రచురించిన సమీక్ష కూడా వేగం బాగా పెంచితే అర్థం చేసుకోవడం తగ్గుతుందనే తేల్చింది. మంచి పాఠకుల కళ్లు కూడా నూటికి పది, పదిహేనుసార్లు వెనక్కి వెళతాయి. అందుకని మీ అమ్మాయి చదివిన వాక్యమే మళ్లీ చదువుతుంటే కసరకండి.

కష్టమైన మాటల జాబితాలు బట్టీ పట్టించడం గురించి ఒక్క మాట. మాటలు రావాలి, సందేహం లేదు. ఇతరుల సాయం లేకుండా ఒక పాఠం బాగా అర్థం కావాలంటే అందులో నూటికి 98 మాటలు తెలిసి ఉండాలని హు, పాల్ నేషన్ అనే పరిశోధకులు 2000లో చూపించారు. అంటే యాభై మాటలకు తెలియనిది ఒకటి మించకూడదు. అయితే జాబితాలో ఒకసారి చదివి వదిలేసిన మాట తొందరగా ఎగిరిపోవచ్చు. పాసేజీలో ఎదురుపడిన మాటను ఆ వాక్యంతో సహా రాసుకుంటే నిలుస్తుంది. రోజుకు ఐదు చాలు.

ఇప్పుడు మీ వంతు. సమావేశంలో ఒక తల్లి నా చెయ్యి పట్టుకుని, "మాకు ఇంగ్లిష్ రాదు మేడమ్, పక్కన కూర్చున్నా ఏం ఉపయోగం?" అన్నారు. ఆమెకు ఆ రోజు తొందరలో సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను. అమ్మా, మీరు చేయగలిగినది మేము బడిలో చేయలేం. మా తరగతిలో నలభై మంది ఉంటారు, మీ ముందు ఒక్కరే ఉంటారు. పాసేజీ అయ్యాక పుస్తకం మూయించి "ఇందులో ఏముందో నాకు తెలుగులో చెప్పు" అనండి. అర్థమైనది తెలుగులో చెప్పగలరు. అర్థం కాని చోట మాట తడబడుతుంది, లేదా ఇంగ్లిష్ ముక్కలు అలాగే దొర్లుతాయి. ఆ తడబాటు పసిగట్టడానికి ఇంగ్లిష్ అక్కర్లేదు, మీ బిడ్డ గొంతు తెలిస్తే చాలు. తర్వాత ఏదో ఒక జవాబు మీద వేలు పెట్టి "ఇది ఎక్కడ ఉంది?" అని అడగండి. చూపిస్తే సరే. చూపించలేకపోతే తిట్టవద్దు. "రేపు మేడమ్‌ని అడుగు" అనండి. 'ఎన్ని వచ్చాయి?' అన్న ప్రశ్న మాత్రం కొన్నాళ్లు పక్కన పెట్టండి. ఆ ప్రశ్న రోజూ వింటున్న పిల్లలు కీ ముందే చూసుకుని జవాబులు రాస్తున్నారు. ఇది వాళ్లే నాతో చెప్పుకున్నారు.

ఇంకొకటి. తెలుగు పత్రికలు, పుస్తకాలు చదువుతుంటే "పరీక్ష ఇంగ్లిష్‌లో కదా, ఇదెందుకు?" అని లాక్కోకండి. 1988లో అమెరికాలో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ చేసిన ప్రయోగం నాకు ఎంతో ఇష్టం. బేస్‌బాల్ ఆట మీద ఒక పాఠం ఇస్తే, చదవడంలో వెనకబడినా ఆ ఆట తెలిసిన పిల్లలు, చదవడంలో ముందున్నా ఆట తెలియని పిల్లల కంటే బాగా అర్థం చేసుకున్నారు. విషయం తెలిసి ఉండటం అంత బలం. సముద్రాలు, బ్యాంకులు, టీకాలు, చరిత్ర, ఏదైనా సరే, తెలుగులో చదివి తెలుసుకున్నది ఇంగ్లిష్ పాసేజీలో ఎదురైనప్పుడు తెలిసిన ముఖంలా పలకరిస్తుంది. జవాబుకు ఆధారం మాత్రం పాసేజీలోనే చూపించాలి, అది మరవవద్దు. భోజనాల దగ్గర వార్తల మీద మాట్లాడుకోవడం కూడా ఈ పరీక్షకు తయారీయే.

శనివారం మీ పిల్లల చేతికి కొత్త నోటు పుస్తకం వస్తుంది. ఎడమ పేజీలో తప్పిన ప్రశ్నకు ఆధారమైన వాక్యం, కుడి పేజీలో ఏ మాట దగ్గర పొరబడ్డారో వాళ్ల సొంత తెలుగులో ఉంటాయి. వారానికోసారి మీ సంతకం అడుగుతాం. సంతకం పెట్టే ముందు ఒక్క వాక్యాన్నైనా మీకు వివరించి చెప్పమనండి. చెప్పకపోతే సంతకం చేయకుండా పంపండి, మేము చూసుకుంటాం. పక్కన కూర్చుని వినే వీలు ఇంట్లో ఎవరికీ లేకపోతే నాకు ఒక చీటీ రాయండి. మధ్యాహ్నం విరామంలో ఆ పిల్లలతో నేనే కూర్చుంటాను.

పైన చెప్పిన అమ్మాయి నిన్న మళ్లీ వచ్చింది. లావాటి పుస్తకంలో పాత తప్పులను మొదటి పేజీ నుంచి తిరగేస్తోందట. పన్నెండు పేజీలు అయ్యాయని, వాటిలో ఏడు చోట్ల తనను పడేసింది 'ఓన్లీ' అన్న మాటేనని చెప్పింది.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు