మన బరంపురం (ఒడిశా) తెలుగు సంఘం వార్షిక నివేదిక, 2025-26

సభ్యులందరికీ నమస్కారం. మామూలుగా రాసేవి ముందు గబగబా చెప్పేస్తా. ఏప్రిల్‌లో మన ఊరి అమ్మవారి జాతర, రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి యాత్రకి వచ్చినవాళ్లకి మజ్జిగ పోశాం. ఆదివారం తెలుగు క్లాసులు నడుస్తున్నాయి గానీ పెద్ద పిల్లలు ట్యూషన్ వంకతో ఎగ్గొడుతున్నారు, తల్లిదండ్రులే కాస్త పట్టించుకోవాలి. చందా బకాయిలున్న వాళ్లకి విడిగా ఫోన్ చేస్తాం, ఇక్కడ పేర్లు రాయను.

ఇక అందరూ అడుగుతున్నది నేపాల్ సంగతి. ఖాట్మండు శివార్లలో ఒక పిల్లల మిషన్‌లో (సిస్టర్లు చూసుకునే పిల్లల హోము) సేవ చేయడానికి మన తరఫున నలుగురు వెళ్లారు: మహిళా విభాగం నుంచి ఇద్దరు అక్కలు, రిటైరైన లెక్కల మాస్టారు, డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న ఒక కుర్రాడు. సెప్టెంబరులో వెళ్లాల్సింది, సరిగ్గా అప్పుడే అక్కడ కుర్రకారు ఆందోళనలు, ప్రభుత్వం పడిపోవడం, ఇక్కడ ఇళ్లల్లో టెన్షన్, దాంతో దీపావళి అయ్యాకే కదిలారు. హౌరాలో మిథిలా ఎక్స్‌ప్రెస్ ఎక్కి రక్సౌల్, సరిహద్దు దాటితే బీర్‌గంజ్, ఆపైన కొండదారిలో ఒళ్లు హూనం. మనకి వీసా అక్కర్లేదు, గడియారం మాత్రం పావుగంట ముందుకి తిప్పుకోవాలి.

పాటలు నేర్పుదాం, బొమ్మలు పంచుదాం అనుకుంటూ వెళ్తే అక్కడి సిస్టర్ మొదటిరోజే చేతికిచ్చింది బట్టల సబ్బు. పసిపిల్లలు పక్క తడిపిన దుప్పట్లు తెల్లారకుండానే చన్నీళ్లలో ఉతకడం, మేడ మీద ఆరేయడం, చలికాలం ఎండ చాలక మధ్యాహ్నం మళ్లీ తిరగేయడం, సగం రోజు దీనికే సరి. ఆ తర్వాత తలలు దువ్వి పేలు తీయడం, పప్పూ అన్నం పెట్టి బడికి పంపడం. టిఫిన్ల మాటే లేదు, పొద్దున్నే భోజనం, మళ్లీ రాత్రికి భోజనం. ఆవనూనె వంట మనకి కొత్త కాదు కాబట్టి ఎవరూ ఇబ్బంది పడలేదు, అదే ఇచ్ఛాపురం అవతలి ఆంధ్రావాళ్లయితే రెండోరోజే ఆవకాయ సీసా తీసేవారు (ఇది నా మాట, వాళ్లది కాదు). నేపాలీ కూడా హిందీ అక్షరాల్లోనే ఉంటుంది గనక మాస్టారు సాయంత్రం హోంవర్క్ చూడగలిగారు. దుప్పట్లు మడతపెట్టేటప్పుడు ఒక చిన్నపాప వచ్చి రెండో కొస పట్టుకునేదట, కొసకి కొస కలవకపోతే విదిలించేసి మనవాళ్ల చేత మళ్లీ మొదటినుంచి పెట్టించేదట.

మన సభ్యుల్లో చాలామంది దాన్ని అనాథాశ్రమం అంటున్నారు, ఆ మాట సరి కాదు. నేపాల్ హోముల్లో ఉండే పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉంటారని యూనిసెఫ్ ఎప్పటినుంచో చెబుతోంది. మన గంజాం మగవాళ్లు సూరత్ మగ్గాలకి పోయినట్టు అక్కడివాళ్లు గల్ఫ్‌కీ మలేషియాకీ పోతారు, ఇంట్లో చూసే దిక్కు లేక కొందరు పిల్లలు హోముకి చేరతారు.

ఇక "మేమూ ఓ వారం వెళ్లొస్తాం, ఫోటోలు పెడతాం" అని అడుగుతున్నవాళ్లకి ఇప్పుడే చెప్తున్నా, కుదరదు. అలవాటైన మనిషి వెళ్లిపోతే ఆ వారమంతా పిల్లలు పక్క తడపడం ఎక్కువవుతుందని ఆ సిస్టరే చెప్పింది. వచ్చేసారి కనీసం రెండు నెలలు ఉండగలిగినవాళ్లే పేరు ఇవ్వండి. పిల్లల ఫోటోలు తీయకూడదు, పట్టుకెళ్లిన వస్తువులు ఏ ఒక్క పిల్లాడి చేతికో ఇవ్వకుండా స్టోరులో అప్పజెప్పాలి. నర్సింగ్, వడ్రంగం, కరెంటు పని తెలిసినవాళ్లకి ముందు చోటు.

ప్రయాణ ఖర్చులు నలుగురూ సొంతంగానే పెట్టుకున్నారు. సంఘం డబ్బుతో అక్కడే ఒక వాషింగ్ మెషిన్ కొనిచ్చాం. బిల్లు నేపాలీ రూపాయల్లో ఉంది, మన రూపాయికి వాళ్లది రూపాయి అరవై పైసలు, కాబట్టి అంకె చూసి కంగారు పడకండి. ఆ డబ్బేదో ఇక్కడి హాస్టల్ పిల్లలకే పెట్టొచ్చు కదా అని ఒకరు గట్టిగా అడిగారు. అడగాల్సిన మాటే. సర్వసభ్య సమావేశంలో మొదటి అంశంగా అదే పెట్టాం, రండి, మాట్లాడదాం.

కార్యదర్శి