చూసింది ఎవరింట్లో వాళ్లు, మాట్లాడుకుంది అందరం కలిసి: 2020-21 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

2020 ఏప్రిల్ నుంచి 2021 మార్చి వరకు రాజోలు దీవిలో మన సంఘం చేసిన పనుల నివేదిక ఇది. ఏటా ఇందులో వైద్య శిబిరం, పదో తరగతి పిల్లలకు పుస్తకాలు, సంక్రాంతి ముగ్గుల పోటీ, నెలకో డాక్యుమెంటరీ అని వరసగా రాసుకొచ్చేవాళ్లం. ఈసారి శిబిరం లేదు, ముగ్గుల పోటీ లేదు. పుస్తకాలు మాత్రం నవంబరు 2న బడులు తెరిచాక పిల్లల ఇళ్లకే పంపించాం. ఏడాది పొడుగునా ఆగకుండా నడిచింది డాక్యుమెంటరీల కార్యక్రమం ఒక్కటే, అందుకే నివేదికలో ఎక్కువ భాగం దాని గురించే ఉంటుంది. ఓపిగ్గా చివరిదాకా చదవండి, మీరు నిర్ణయించాల్సిన విషయం ఒకటుంది.

దానికంటే ముందు ఒక మాట. కరోనా వల్ల మన సభ్యుల్లో కొందర్ని పోగొట్టుకున్నాం. రాష్ట్రం మొత్తం మీద ఎక్కువ కేసులు అప్పట్లో మనమున్న తూర్పు గోదావరి జిల్లాలోనే వచ్చాయి, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఏ వీధిలో చూసినా తలుపులు వేసిన ఇల్లు ఒకటి ఉండేది. ఎన్నో ఏళ్లు హాల్లో మన పక్కన కూర్చున్నవాళ్ల చివరి చూపుకు కూడా వెళ్లలేకపోయాం. వాళ్ల పేర్లు సర్వసభ్య సమావేశంలో మొదట చదువుతాం.

కొత్తగా చేరినవాళ్ల కోసం చెప్తున్నాం. నెలలో చివరి ఆదివారం సాయంత్రం కమ్యూనిటీ హాల్లో తెర కట్టి ఒక డాక్యుమెంటరీ వేస్తాం, అయిపోయాక దాని మీద మాట్లాడుకుంటాం. సినిమా గంట ఉంటే మాటలు గంటన్నర సాగేవి. చేపల వేట మీద సినిమా వేసిన రోజు అంతర్వేది పల్లిపాలెం నుంచి వచ్చినాయన లేచి నిలబడి "వల అలా ఎయ్యరండి" అని చేతులతో విసిరి చూపించడం పాత సభ్యులందరికీ గుర్తుండే ఉంటుంది. మన కార్యక్రమానికి ప్రాణం ఆ మాటలే. ఆన్‌లైన్‌కి మారేటప్పుడు మేం ప్రతిదీ ఆ లెక్కనే ఆలోచించాం: బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా పర్వాలేదు, మాట పోకూడదు.

హాల్లోంచి ఫోన్లోకి

ఉగాది రోజు, 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. ఆ నెల ప్రదర్శన 29న పెట్టుకున్నాం, అది రద్దయింది. మనది రాజోలు దీవి కదా, ఒకపక్క వశిష్ఠ, ఇంకోపక్క వైనతేయ, దిగువన సముద్రం. సఖినేటిపల్లి రేవులో పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఆగిపోయి, వంతెనల మీద తనిఖీలు మొదలయ్యేసరికి పాలకొల్లు వెళ్లి మందులు తెచ్చుకోవడమే గగనమైంది, ఇలాంటప్పుడు సినిమాలేమిటి అన్నవాళ్లు కార్యవర్గంలోనే ఉన్నారు. కానీ రెండు వారాలు తిరిగేసరికి సభ్యుల నుంచే ఫోన్లు రావడం మొదలైంది. టీవీ పెడితే కేసుల లెక్కలు, వాట్సాప్ తెరిస్తే ఫలానా కషాయం తాగితే కరోనా రాదనే మెసేజీలు, ఈ టెన్షన్ పడలేకపోతున్నాం, ఏదో ఒకటి వేయండి, నలుగురం మాట్లాడుకుందాం అని. ఏప్రిల్ చివరి ఆదివారం మొదటి ఆన్‌లైన్ ప్రదర్శన పెట్టాం.

మొదట జూమ్‌లో నడిపాం. అప్పట్లో ఉచిత ఖాతాలో ఇద్దరికి మించితే 40 నిమిషాలకు మీటింగ్ ఆగిపోయేది, అందరూ మళ్లీ లింకు నొక్కి లోపలికి రావాల్సొచ్చేది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. ఒక ఇంట్లో సినిమా నడుపుతూ ఆ తెరని అందరికీ చూపించాలంటే ఆ ఇంటి నెట్‌కి అప్‌లోడ్ స్పీడు బాగా ఉండాలి. మన దగ్గర అది చాలక బొమ్మ ఆగి ఆగి కదిలేది, మాట ముందొచ్చి పెదవులు తర్వాత కదిలేవి. అందుకని మే నెల నుంచి పద్ధతి మార్చాం. దర్శకుల అనుమతితో పాస్‌వర్డ్ ఉన్న లింకు ముందే పంపుతాం, చెప్పిన టైముకి అందరూ ఎవరి ఫోన్లో వాళ్లు మొదలుపెడతారు, అవ్వగానే గూగుల్ మీట్‌లోకి వస్తారు. అప్పటికి మీట్‌ని అందరికీ ఉచితం చేశారు కాబట్టి పైసా ఖర్చు లేదు.

యూట్యూబ్‌లో పెట్టి వదిలేయొచ్చు కదా, వీలున్నప్పుడు చూసుకుంటాం అని చాలామంది అడిగారు. దానికి మేం ఒప్పుకోలేదు, ఇకముందు కూడా ఒప్పుకోవద్దనే మా అభిప్రాయం. ఎప్పుడైనా చూడొచ్చు అనుకున్నది ఎప్పటికీ చూడం. పైగా ఒకరు సోమవారం, ఒకరు గురువారం చూస్తే ఇంక మాట్లాడుకునేదేముంది? దర్శకుల వైపు నుంచి కూడా ఇబ్బంది ఉంది, ఫిల్మ్ ఫెస్టివల్స్‌కి పంపుకోవాల్సిన సినిమా ముందే నెట్‌లో తిరిగితే వాళ్లకి నష్టం. అందుకే రెండు రోజులు దాటాక లింకు తీసేసేవాళ్లం.

నెట్ సంగతి కూడా చెప్పాలి. మార్చి నెలాఖరులో నెట్‌వర్క్ మీద భారం పెరిగిందని మొబైల్‌లో వీడియోల నాణ్యత 480పి దాటకుండా కంపెనీలే తగ్గించాయి. మాకు అది మేలే అయింది, ఫోన్ తెర మీద ఆ నాణ్యత చాలు, డేటా ప్యాక్ తక్కువ ఖర్చవుతుంది. ఇంటికి ఒకే ఫోను, పొద్దున్నంతా పిల్లాడి ఆన్‌లైన్ క్లాసులు, సాయంత్రానికి రోజు ప్యాక్ అయిపోయేది. కొందరైతే రాత్రి పన్నెండు దాటి కొత్త ప్యాక్ వచ్చాక చూసేవారు, మర్నాడు పొద్దున్నే గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టేవారు. వాళ్ల పట్టుదలకి నిజంగా దండం పెట్టాలి.

బెంగాలీ, మలయాళం సినిమాలకు మన టీచర్లు తెలుగు సబ్‌టైటిల్స్ రాశారు. అయితే ఫోన్లో అక్షరాలు చిన్నవి, పెద్దవాళ్లు చదివేలోపు మారిపోతున్నాయి. రెండు నెలలు చూసి, రాసినదాన్ని చదివి రికార్డు చేయడం మొదలుపెట్టాం. జూన్ ఉక్కపోతలో ఫ్యాను ఆపేసి, కిటికీలు మూసుకుని, వీధిలో కుక్కలు సద్దుమణిగాక అర్ధరాత్రి ఆ గొంతులిచ్చిన ఇద్దరు టీచరమ్మలకీ సంఘం రుణపడి ఉంటుంది.

రాలేకపోయినవాళ్లు

ఆన్‌లైన్‌కి మారగానే హాల్లో ముందు వరసలో కూర్చునేవాళ్లు కనబడకుండా పోయారు. కొబ్బరి దింపువాళ్లు, వలుపువాళ్లు, రామాలయం అరుగు మీద పెద్దలు, అందరివీ బటన్ ఫోన్లే. గోదావరి డెల్టా గురించి మాట్లాడే కార్యక్రమంలో వాళ్లే లేకపోతే మనం ఎవరి కోసం చేస్తున్నట్టు? ఊళ్లో కేబుల్ నడిపే తమ్ముడితో మాట్లాడాం. కేబుల్‌లో వేయడానికి దర్శకుల దగ్గర విడిగా అనుమతి తీసుకోవాలి, ఇచ్చినవాళ్లవి మాత్రం ఆదివారం రాత్రి ఏడింటికి లోకల్ ఛానల్లో వేశాం. చర్చ కోసం మామూలు ఫోన్ కాన్ఫరెన్స్ కలిపాం. అందులో ఐదారుగురికి మించి కలవరు కాబట్టి వీధికో గుంపు చేసుకుని, కార్యవర్గంలో ఒక్కొక్కరం ఒక్కో గుంపుతో మాట్లాడి, వాళ్లన్న మాటలు మీట్‌లో చెప్పేవాళ్లం. శ్రమ ఎక్కువే. కానీ ప్రభుత్వం తరఫున డాక్యుమెంటరీలు, న్యూస్ రీళ్లు తీయడానికి 1948లో మొదలైన ఫిల్మ్స్ డివిజన్ గురించి మాటొచ్చినప్పుడు, మన థియేటర్లలో అసలు సినిమాకి ముందు వేసే న్యూస్ రీళ్లలో ఏం చూశారో ఆ పెద్దలు పోటీలు పడి చెప్పారు. కేబుల్ లేకపోతే ఆ సంగతులు మనదాకా వచ్చేవే కావు.

ఎప్పుడూ రాని వాళ్లు

ఇక సంతోషంగా చెప్పుకోవాల్సిన సంగతి. మన దీవిలో వీధికి నలుగురైనా ఆడవాళ్లు కువైట్, మస్కట్, దోహా, దుబాయ్‌ల్లో ఇళ్లలో పని చేస్తున్నారు. ఇన్నేళ్లలో వాళ్లెవరూ మన ప్రదర్శన చూసింది లేదు, చూసే దారీ లేదు. జూన్‌లో ఒక సభ్యురాలు లింకుని కువైట్‌లో ఉన్న చెల్లెలికి పంపింది, ఆవిడ తనతో ఉన్నవాళ్లకి పంపింది. అప్పట్లో అక్కడ సెలవు శుక్రవారం. మనకి రాత్రి తొమ్మిదిన్నర అయితే కువైట్‌లో, దోహాలో ఏడు, మస్కట్‌లో, దుబాయ్‌లో ఎనిమిది. జూలై నుంచి ఆన్‌లైన్ ప్రదర్శనని ఆదివారం నుంచి శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకి మార్చింది వాళ్ల కోసమే. దుబాయ్‌లో వాట్సాప్ కాల్ కలవదు, మీట్‌లోకి రావడం కుదరని వాళ్లు వాయిస్ మెసేజ్ పెడితే మేం చర్చలో వినిపించేవాళ్లం.

మన ఊరి డిగ్రీ పిల్లలు ఇద్దరు లేసు అల్లిక మీద తీసిన సినిమా అలాంటి ఒక శుక్రవారమే వేశాం. నరసాపురం లేసు పందొమ్మిదో శతాబ్దంలో స్కాట్లాండ్ మిషనరీలు ఇక్కడి ఆడవాళ్లకి నేర్పిన పని. లాక్‌డౌన్‌లో ఎగుమతి ఆర్డర్లు ఆగిపోయి అల్లినవి ఇళ్లలోనే ఉండిపోయాయి. పిల్లలు ఎవరినీ ఇంటర్వ్యూ చేయలేదు, ఒక అమ్మగారి చేతులకి దగ్గరగా ఫోన్ పెట్టి అలాగే ఉంచారు. ఎడమ చూపుడు వేలి మీద దారం రాసుకుని రాసుకుని పడిన సన్నటి గాడి, అందులోంచి జారే తెల్లదారం, కొక్కెం సూది లోపలికెళ్లి పైకొచ్చిన ప్రతిసారీ పెదాల మీద లెక్క. మధ్యలో పొయ్యి మీద పాలు పొంగితే లేచి వెళ్లి దించి వచ్చి, లెక్క ఎక్కడ ఆగిందో అక్కడే అందుకుంది. సినిమా అయ్యాక కువైట్ నుంచి ఒకావిడ, యజమాని ఇంటి వంటగదిలోంచి గొంతు తగ్గించి మాట్లాడింది. తనూ పెళ్లికి ముందు లేసే అల్లేదట, నెలంతా అల్లినా పిల్లాడి ఫీజుకి చాలక విమానం ఎక్కిందట. ఆ మాటకి లేసు అల్లే అమ్మగారు "ఎంతిచ్చేవారే నీకప్పుడు?" అని అడిగింది. అక్కణ్ణుంచి ఇద్దరూ రేట్లు పోల్చుకుంటూ కూర్చున్నారు, మిగతావాళ్లం మైకులు ఆపుకుని విన్నాం. హాల్లో ఆడవాళ్లు వెనక వరసలో కూర్చుని మధ్యలోనే వంటకి వెళ్లిపోయేవారు. ఈ ఏడాది ఎక్కువ మాట్లాడింది వాళ్లే.

మూడు నిమిషాల సినిమాలు

అప్పట్లో వాట్సాప్‌లో 16 ఎంబీ దాటిన వీడియో వెళ్లేది కాదు. ఆ హద్దులోనే సినిమా తీయమని సభ్యుల్ని అడిగాం, నాణ్యత తగ్గిస్తే మూడు నిమిషాలదాకా పడుతుంది. ఫోన్ అడ్డంగా పట్టుకోండి, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి, గాలి హోరు లేకుండా చూసుకోండి, కనబడుతున్నవాళ్లని ముందు అడగండి, ఇంతకు మించి నియమాలు పెట్టలేదు. పీచు ఫ్యాక్టరీ, గిరాకీ లేని రొయ్యల చెరువు గట్టు, లాకుల దగ్గర ఆగిన గుర్రపుడెక్క, ఇలా చాలా వచ్చాయి.

ఆగస్టు వరదవి వేరే. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చిన రోజుల్లో లంకల్లో ఉన్న మన సభ్యులు డాబాల మీంచి, పడవల్లోంచి తీసినవి రోజూ వచ్చేవి. 35 లక్షల క్యూసెక్కులు వచ్చిన 1986 వరద చూసిన పెద్దలకి ఫోన్ చేసి, వాళ్ల ఒప్పుదలతో ఆ మాటలు రికార్డు చేసి, ఈ బొమ్మల మీద వినిపించాం. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ల గొంతులు అలా సినిమాలోకి వచ్చాయి. ఏటిగట్టు మీద ఎక్కడ తవ్వి మట్టి తీసుకెళ్తున్నారో, ఏ మలుపులో గట్టు బలహీనంగా ఉందో అందులో స్పష్టంగా కనబడుతోంది, కాపీ గ్రామ సచివాలయంలో ఇచ్చాం. ఒక్క విన్నపం, ఇకమీదట ఎవరూ వరద నీళ్లలోకి దిగి వీడియో తీయకండి. అలా తీసినవి మంచివైనా వేయం.

లెక్కలు, నిర్ణయం

హాలు కరెంటు, కుర్చీల అద్దె, టీ ఖర్చు మిగిలాయి. ఆ డబ్బు దర్శకుల పారితోషికానికి, హార్డ్ డిస్కులకి, కొందరి రీచార్జులకి వెళ్లింది. పద్దులు కోశాధికారి గారు సమావేశంలో చదువుతారు.

ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికలు అయ్యాక, మార్చిలో హాల్లో మళ్లీ తెర కట్టాం. కిటికీలు తెరిచి, కుర్చీలు దూరంగా వేసి, ఒక ఫోన్ని స్టాండుకి పెట్టి మీట్ కూడా నడిపాం. హాలు స్పీకరు, ఫోన్ మైకు ఒకదాన్నొకటి అందుకుని మోత పుట్టింది, బయటివాళ్లు మాట్లాడేటప్పుడు హాలు మైకు ఆపేస్తే సర్దుకుంది. ఇప్పుడు కేసులు మళ్లీ పెరుగుతున్నాయి, అందుకని కొన్నాళ్లు హాలు వద్దనుకుంటున్నాం. ఏ రోజైనా పరిస్థితి కుదుటపడ్డాక హాలు తెరుస్తాం కదా, అప్పుడు శుక్రవారం ఆన్‌లైన్ ప్రదర్శన, ఆదివారం కేబుల్ ఆపేయాలా, ఉంచాలా అన్నది మీరు తేల్చాలి. రెండూ ఉంచాలని కార్యవర్గం గట్టిగా కోరుతోంది. పని పెరుగుతుంది, అయినా కువైట్ నుంచి, అరుగు మీది నుంచి వచ్చిన మాటల్ని మళ్లీ పోగొట్టుకోవడం మాకు ఇష్టం లేదు. సభ్యులు తీసిన సినిమాలు రెండు డిస్కుల్లో, రెండు ఇళ్లలో దాచాం. అందులో కనబడినవాళ్లెవరైనా తీసేయమంటే కారణం అడగకుండా తీసేస్తాం, దీన్ని నియమావళిలో చేర్చే తీర్మానం కూడా పెడుతున్నాం.

2021 మే నెల ప్రదర్శన ఆన్‌లైన్లోనూ, కేబుల్లోనూ ఉంటుంది. విషయం కొబ్బరికి పట్టిన సర్పిలాకార తెల్లదోమ, అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రంలో దాని మీదికి పెంచుతున్న మిత్రపురుగులు. మీ తోటలో ఆకుల అడుగున తెల్లటి చుట్టలు గానీ, పైన నల్లబూజు గానీ ఉంటే ఫోన్ అడ్డంగా పట్టుకుని తీసి పంపండి. ఇంట్లో పనిచేసే పాత స్మార్ట్‌ఫోన్లు ఉంటే సంఘానికి ఇవ్వండి, దింపువాళ్లలో ముగ్గురు అడిగారు.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి