అవ్వ లెక్క తప్పలేదు

హనుమకొండ,
ఫిబ్రవరి 5, 2026

ఒరే పంతులూ,

దసరాకు రాస్తానన్న ఉత్తరం మేడారం జాతర దాటాక రాస్తున్నాను. తిట్టుకో, కానీ మొత్తం చదివాక తిట్టుకో. ఇంట్లో అందరూ బాగున్నారు. నాన్న కంటి ఆపరేషన్ అయిపోయింది, చెల్లి సంబంధం ఇంకా ఊగుతోంది, నీ సైకిల్ మా మెట్ల కిందే ఉంది, టైర్లు లేవు, ఎందుకు లేవని అడగకు. ఇక అసలు సంగతి. ఫోన్లో చెబుదామంటే నువ్వు మధ్యలో నవ్వుతావు.

నా ఉద్యోగం ఏంటో మీ ఇంట్లో ఎవరికీ ఇంతవరకూ అర్థం కాలేదు. "మందులమ్ముతున్నవా బిడ్డా?" అని మీ అమ్మ పోయినసారి కూడా అడిగింది. అమ్మను రా. కొత్త షుగర్ మందు పనిచేస్తుందో లేదో చూసే స్టడీకి మనుషుల్ని వెతకాలి, వాళ్ళను ఒప్పించాలి (కాదు, ఒప్పించకూడదు, అర్థమయ్యేలా చెప్పాలి, అంతే), ఆ తర్వాత చివరిదాకా వచ్చేలా చూసుకోవాలి. అదే నా పని. 20 మంది కావాలన్నారు, 14 దగ్గర ఆగింది. దొరకరు రా. 2017లో కరీంనగర్ వైపు పల్లెలోళ్ళు పైసల కోసం మందు పరీక్షలకు పోయి పాణం మీదికి తెచ్చుకున్నారని పేపర్లో వచ్చింది కదా, ఆ మాట జనం ఇంకా మర్చిపోలేదు. నేను ఫైలు తెరవగానే "మా మీద ప్రయోగం జేస్తరా?" అంటారు. అబద్ధం చెప్పలేను కదా, ప్రయోగమే. అందుకే వాళ్ళు భయపడితే నాకు కోపం రాదు.

ఆ 14లో ముగ్గురు ఇప్పటికే మాయం. ఒకాయన ఫోన్ నంబర్ ఆయనది కాదు, కొడుకుది. ఆ కొడుకు హైదరాబాద్‌లో. ఒకామె పత్తి ఏరే రోజుల్లో కూలి పోగొట్టుకొని రానంది. ఆమెదే న్యాయం. పైగా మా అకౌంట్స్ వాళ్ళు బస్సు ఛార్జీ ఇవ్వడానికి టికెట్ అడుగుతారు. ఆడవాళ్ళకు 2023 డిసెంబర్ నుంచి బస్సు ఫ్రీ, చేతికొచ్చేది జీరో టికెట్. ఊరి నుంచి స్టేజీ దాకా ఆటోకైన 40 రూపాయలకు కాగితం ఎవడిస్తాడు? ఆ తగాదా మీద విడిగా ఒక ఉత్తరం రాస్తా.

మనుషులు పోతే నంబర్ తగ్గుతుందనే కాదు బాధ. మందు పడనివాళ్ళే ఎక్కువగా మానేశారనుకో, మిగిలినవాళ్ళతో లెక్క కడితే మందు బంగారం అని తేలుతుంది. అందుకే ఒక్కో మనిషి వెనక అంత పరుగు.

ఆ బెంగలో నాకు దొరికిన దేవత ఒక అవ్వ. నర్సంపేట అవతల ఊరు. చదువు రాదు కాబట్టి మాకు సంబంధం లేని సాక్షి ఒకాయన పక్కన కూర్చోవాలి, కొత్త మందు కాబట్టి 2019 రూల్స్ ప్రకారం వీడియో కూడా తీయాలి. (భద్రాచలం వైపు 2009లో హాస్టల్ పిల్లలకు హెచ్‌పీవీ టీకాలు (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేవి) వేయించి, అమ్మానాన్నల బదులు వార్డెన్లతో సంతకాలు చేయించిన గొడవ మాకు ట్రైనింగ్‌లో మొదటి రోజే చెప్పారు.) కెమెరా చూడగానే అవ్వ కొంగు సర్దుకొని "టీవీల వస్తదా?" అంది. రాదంటే మొహం చిన్నబుచ్చుకొని వేలిముద్ర వేసింది.

నాలుగు వారాలకోసారి రావాలి. ప్రతిసారీ 35 గోలీలు ఇస్తాం, 28 మింగి 7 తిరిగి తేవాలి. వచ్చేది రా! పొద్దున పరగడుపున మొదటి బస్సుకే వచ్చేది. కొంగు ముడి విప్పి స్ట్రిప్పులు బల్ల మీద పరిచేది. లెక్కపెడితే సరిగ్గా 7. రెండోసారీ సరిగ్గా 7. మిగతావాళ్ళు ఒకసారి 9, ఒకసారి 5 తెస్తారు, కొందరు స్ట్రిప్పులే పారేసి వస్తారు. నేను అవ్వను అందరికీ చూపించి మురిసిపోయాను.

నీకప్పుడే అర్థమై ఉంటుంది. 10.2!

నాకు మాత్రం అర్థం కాలేదు. మన ల్యాబ్‌లో ప్రయోగం చేయకుండానే మూడు రీడింగులూ 10.2 రాసి దొరికిపోయినవాణ్ణి, లెక్క మరీ సరిగ్గా వస్తే అనుమానించాలని నాకే తట్టలేదు.

మూడో విజిట్ జనవరి 28. మూడు రోజులు అటూ ఇటూ చెల్లుతుంది. 25 ఆదివారం, 26 జెండా పండుగ. 27న రమ్మన్నాను. ఫోన్ చేస్తే వెనక ట్రాక్టర్ చప్పుడు. "మేడారం పోతున్నం బిడ్డా, సమ్మక్క పిలిచినంక నీ సూది ఆగదా?" అంది. జాతర 28 నుంచి 31 దాకా. అయిపోయింది, గడువు పోయింది. షుగర్ స్టడీ మనిషి నిలువెత్తు బంగారం తూగడానికి పోతోందని స్టడీ నడిపే డాక్టర్ సార్‌తో ఎట్లా చెప్పాలి? బెల్లం రా నాయనా, తన బరువంత బెల్లం!

సోమవారం నేనే ఊరికి పోయాను. వాకిలంతా చపాటా మిర్చి ఆరబోసి ఉంది, తుమ్ముతూనే లోపలికి వెళ్ళాను. ముందు నా చేతిలో బెల్లం ముక్క పెట్టింది, తిననిదే మాట్లాడనంది. తిన్నాను. తర్వాత గోలీల స్ట్రిప్పులు అడిగాను. తెచ్చింది, లోపల రెండు మిగిలాయి. ఐదు రోజులు దాటాయి కదా, లెక్క కరెక్టే. ఎందుకో తెలియదు, ఊరికే అడిగాను, "అవ్వా, మింగినప్పుడు ఏమన్నా అయితదా?" అని.

చాలాసేపు మిర్చి తొడిమెలు తుంచుతూ కూర్చుంది. లేచి, దూలం సందులోంచి వక్కల డబ్బా తీసి నా ముందు పెట్టింది. మూత బిగుసుకుపోయి ఉంది, గోటితో కాక పళ్ళతో తీసింది. లోపల గోలీలు. తెల్లవి. అడుగున ఉన్నవి వక్క రంగు పట్టి పసుపెక్కాయి. డబ్బా కదిపితే గలగలమన్నాయి.

80. చాప మీద పోసి రెండుసార్లు లెక్కపెట్టాను. మొదటి తొమ్మిది రోజులు మింగిందట. పొద్దున మింగి చేనుకు పోతే కళ్ళు తిరిగాయట. ఒకరోజు గట్టు మీద కూలబడిందట. ఇక అప్పటినుంచి రోజుకొకటి, రోజూ, స్ట్రిప్పులోంచి నొక్కి డబ్బాలో వేసింది. జాతరలో కూడా స్ట్రిప్పు వెంట తీసుకుపోయింది.

"నాకెందుకు చెప్పలేదవ్వా?"

"నువ్వే గద బిడ్డా అన్నవ్, లెక్క తప్పితే నా నౌకరి పోతదని."

అన్నాను రా. మొదటి రోజు స్ట్రిప్పు ఎట్లా తేవాలో చూపిస్తూ నవ్వుతూ అన్నాను. నీతో జోక్ చేసినట్టు. నాకు గుర్తు కూడా లేదు. ఆమె దాన్ని మూడు నెలలు మోసింది. నా నౌకరి కాపాడడానికి పొద్దున్నే లేచి, ఉపాసంతో బస్సెక్కి, నా ముందు స్ట్రిప్పులు పరిచింది. నేనేమో "బాగా నిలబెట్టుకున్నాం" అని ఎగిరాను. కళ్ళు తిరిగాయన్న మాట ఫైల్లో ఎక్కడా లేదు, ఎందుకంటే విజిట్‌లో "అంతా మంచిదేనా అవ్వా?" అని అడిగానే గానీ జవాబు వినలేదు, లెక్కపెడుతున్నాను.

ఇంకోటి. వేలి మీద చూస్తే ఆమె షుగర్ నిజంగానే తగ్గింది. నేను పోరినందుకు చాయ్‌లో చక్కెర మానేసిందట, ఆటో దండగని స్టేజీ దాకా నడిచిందట. ఆ గోలీల్లో మందుందో ఉత్త పిండి ఉందో నాకూ తెలియదు, సార్‌కూ తెలియదు, అట్లాగే ఉండాలి. మరి డబ్బా బయటపడకపోతే ఈ తగ్గుదల ఎవరి ఖాతాలో... సరే, దీని గురించి ఆలోచిస్తే నిద్ర పట్టట్లేదు.

తిరుగు బస్సులో డబ్బా నా ఒళ్ళో ఉంది. నిజం చెబుతున్నా, ములుగు రోడ్ వచ్చేదాకా చెప్పకుండా ఉంటే ఏమవుతుందని లెక్కలేసుకున్నాను. ఎవరికీ తెలియదు. తర్వాత నేరుగా సార్ రూమ్‌కు పోయి డబ్బా బల్ల మీద పెట్టాను. సార్ అరుస్తారనుకున్నా. "ఆమె ఇప్పుడెట్లా ఉంది?" అని అడిగారు ముందు. ఆ తర్వాత అరిచారు. రాత్రి పదకొండింటి దాకా కూర్చొని కళ్ళు తిరిగిన సంగతి, గడువు దాటిన సంగతి, నా జోక్‌తో సహా అన్నీ రాసి పంపాం. వచ్చే సోమవారం మానిటర్, అంటే మా ఫైళ్ళు తనిఖీ చేసే ఆమె, వస్తుంది. నా నౌకరి సంగతి అప్పుడు తేలుతుంది. అవ్వకు మాత్రం ఏ సంగతీ చెప్పొద్దు, నువ్వు అటు పోతే.

అన్నట్టు ఆమెకు మళ్ళీ చెప్పాను, ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానేయొచ్చు, కారణం చెప్పక్కర్లేదు, వైద్యం ఆగదు అని. ఈసారి మెల్లగా చెప్పాను. అంతా విని "మానేస్తే రావద్దా మరి?" అంది. పరీక్షలకు పిలుస్తాం, గోలీలు లేకున్నా రావొచ్చు అన్నాను. "ఊకెనే అస్తే చాయ్ పోస్తవా?" అంది. చక్కెర లేకుండా పోస్తానన్నాను. ఆలోచిస్తానంది. నేను కూడా

డ్రై ఐస్ పెట్టె పట్టుకుపోయే కొరియర్ కింద హారన్ కొడుతున్నాడు, శాంపిళ్ళు ఇంకా సర్దలేదు. నీ సైకిల్ టైర్ల సంగతి వచ్చే ఉత్తరంలో.

నీ
10.2